ముద్దాయి తండ్రి పేరు

మా వంశంలో మొదటి డిగ్రీ నాది. అది వచ్చినప్పటి నుంచీ ఇంట్లో నా పేరు పోయి డిగ్రీ మిగిలింది. "డిగ్రీని అడగండి", "డిగ్రీ రానివ్వండి, చూద్దాం" అంటారు. కరెంటు బిల్లు వచ్చినా, మందు సీసా మీద చిన్న అక్షరాలు చదవాలన్నా, ఆసుపత్రిలో లిఫ్టు నడిపే నాన్నకి పైవాళ్లు మెమో ఇచ్చినా ముందు నా చేతికే వస్తుంది. చదివి చెప్పడం నా బాధ్యత. చెప్పింది తప్పయితే అదీ నా బాధ్యతే.

నేను ఒక కొరియర్ కంపెనీలో చిరునామాలు సరిచూసే పని చేస్తాను. ఇంటి నంబరు లేని పార్శిలు గమ్యం చేరదని నాకు జీతమిచ్చి మరీ నేర్పారు. ఈ కథలో నేను అంతకంటే కష్టమైనదాన్ని చేరవేయాల్సి వచ్చింది.

అక్క ఏడో తరగతితో ఆపేసింది. మా ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు, గౌన్లు కుడుతుంది. బావతో విడిపోయి మూడేళ్లయింది. ఏడాదిగా ఫోనులో కుట్టుపాఠాలు కూడా చెబుతోంది. కాజా ఎలా కుట్టాలి, చంక కింద ముడత ఎందుకొస్తుంది, చిన్న గుడ్డలో పెద్ద చెయ్యి ఎలా తియ్యాలి లాంటివి. సూదిలో దారం మొదటిసారికే ఎక్కితే అక్క నవ్వుతుంది. ఆ నవ్వు కోసమే చూస్తామని చాలామంది కింద రాసేవాళ్లు.

ఆ కిందనే ఒకరోజు 'ప్రజాహితం' దిగింది. ఆ ఖాతాకి ముఖం ఉండాల్సిన చోట గులాబీ పువ్వు ఉంది. మొదటి కామెంటు ఇలా మొదలైంది: "విషయం: సదరు మాస్టరమ్మ నవ్వు గురించి."

తర్వాత రోజుకొకటి వచ్చేది. సదరు మాస్టరమ్మ కొలతలు చెబుతూ నవ్వవలసిన అవసరమేమిటి? సదరు మాస్టరమ్మను భర్త ఎందుకు వదిలివేసెను? సదరు మాస్టరమ్మ ఇంటికి బట్టలు ఇచ్చుటకు వచ్చువారు బట్టల కొరకే వచ్చుచున్నారా? చదివినవాళ్లలో కొందరు పకపకా నవ్వే బొమ్మలు పెట్టారు. కొందరు తమ మాటలూ జోడించారు. అక్క నవ్వడం మానేసి పాఠం చెప్పింది. అప్పుడు "సదరు మాస్టరమ్మకు గర్వము పెరిగినది" అని వచ్చింది.

ఒక మంగళవారం అక్కని నా స్కూటరు మీద గేటు దగ్గర దింపి, పెట్రోలు పోయించుకోవడానికి వెళ్లాను. నేను తిరిగొచ్చేసరికి అక్క మెట్ల మీదే ఫోను పట్టుకుని కూర్చుని ఉంది.

"ఏమైందక్కా?"

"నన్ను బండి మీద దింపిన మగాడెవరని రాశాడు. హెల్మెట్టు సంగతి కూడా రాశాడే."

"మగాడా? అది నేను కదా!"

నేను అక్కడే హెల్మెట్టు తీసి ఊపాను, ఎవరికి చూపిస్తున్నానో తెలియకపోయినా. ఐదు నిమిషాల్లో ఆ కామెంటు మాయమైపోయింది. నేను దాన్ని చూడనే లేదు. అంటే మా గేటు కనిపించే మనిషెవరో రాస్తున్నారు. ఆ రోజు నుంచి అక్క ముందుగది కిటికీ తెర వేసి కుట్టడం మొదలుపెట్టింది. పగలు కూడా లైటు వేసుకుని.

ఇంతవరకైతే ఏడ్చి ఊరుకునేదేమో. కానీ అదే నెలలో ఒక శిక్షణ కేంద్రంలో కుట్టు టీచరు ఉద్యోగానికి అక్క పేరు జాబితాలో మొదట వచ్చింది. జీతం, సెలవులు, అక్క పేరుతో ఒక కుర్చీ. 'ప్రజాహితం' ఆ కేంద్రం వాళ్ల పేజీకి కూడా వెళ్లి, సదరు మాస్టరమ్మ నడవడిక విచారించవలసినదిగా కోరింది.

కేంద్రం ప్రిన్సిపల్ మేడం మమ్మల్ని పిలిపించింది. మంచి మనిషే. మంచినీళ్లు కూడా ఇచ్చింది.

"మీ మీద నాకేం అనుమానం లేదమ్మా. కానీ పైన కమిటీ ఉంటుంది కదా. మీరు పోలీసులకి ఫిర్యాదు చేసినట్టు ఒక రసీదు తెచ్చివ్వండి చాలు. శుక్రవారం సాయంత్రం ఐదులోపు. లేదంటే జాబితాలో రెండో పేరు తీసుకోవాల్సి వస్తుంది."

"తిట్టినవాడు ఏం తేవాలి మేడం?" అంది అక్క.

"అదేంటమ్మా?"

"తిట్లు తిన్నదాన్ని నేను రసీదు తేవాలి. తిట్టినవాడు ఏం తేవాలి అని."

మేడం ఇంకో గ్లాసు మంచినీళ్లు ఇచ్చింది.

బుధవారం స్టేషనుకి వెళ్లాం. అక్కడ రాతపని చూసే ఆయన్ని రైటర్ అంటారు. ఆయన పెన్నుతో రాయడం మానేసి చాలా ఏళ్లయింది. కంప్యూటరు మీద రెండు వేళ్లతో కొడతారు. అక్క చెప్పిందంతా ఓపిగ్గా విన్నారు. మధ్యలో "ఛ ఛ" అని కూడా అన్నారు. నాకు నమ్మకం కుదిరింది.

"సరే, రాద్దాం. ముద్దాయి పేరు?"

"తెలియదు సార్. ప్రజాహితం అని పెట్టుకున్నాడు."

"ప్రజా... హితం. తండ్రి పేరు?"

అక్కా నేనూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

"తండ్రి పేరమ్మా."

"ఎవడో తెలియనివాడి తండ్రి పేరు ఎలా తెలుస్తుంది సార్?" అన్నాను.

"ఆ ప్రశ్న నన్నడిగితే ఎలా? ఇదిగో, గడి పక్కన ఎర్ర చుక్క పెట్టారు. అది నింపకపోతే కింద బొత్తాం వెలగదు. బొత్తాం వెలగకపోతే రసీదు రాదు."

"తెలియదు అని రాసెయ్యండి," అంది అక్క.

"అమ్మా, ఆ తెలివి మాకూ ఉండేది. పోయినేడు ఒకాయన కేసులో అలాగే రాశాం. 'తెలియదు' అనే పేరున్న మనిషి కోసం మావాళ్లు మూడు వారాలు తిరిగారు. ఆ మాట తీసుకోవద్దని కంప్యూటరుకి అప్పుడే చెప్పేశారు."

నేను చట్టం ప్రతి అచ్చు తీయించుకుని వెళ్లాను. డిగ్రీని కదా. "సార్, అసలు చట్టంలో మొదటి మాటే 'ఎవరైనా' అని ఉంది. ఎవరైనా ఇంకొకరిని వేధిస్తే, అని. పేరున్నవాళ్లు ఎవరైనా అని లేదు."

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చదివారు. తలాడించారు. "ఉంది. నువ్వు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. కానీ, 'ఎవరైనా' తండ్రి పేరేంటి?"

"ఆ ఖాతా నడిపే కంపెనీని అడిగితే చెప్తారు కదా సార్."

"అడుగుతాం. ఎందుకడగం? అడగాలంటే కేసు నంబరు వెయ్యాలి. నంబరు రావాలంటే బొత్తాం వెలగాలి." ఆయన గొంతు తగ్గించారు. "మీరో పని చెయ్యండి. వాడెవడో కనుక్కుని రండి. వాణ్ని వెతికే పని మేం వెంటనే మొదలుపెడతాం."

లేచి వస్తుంటే జాలిపడి ఇంకో దారి చెప్పారు. తెల్లకాగితం మీద అర్జీ రాసిస్తే పై అధికారి దయతలచి సంతకం పెట్టొచ్చట. "తప్పుల్లేకుండా రాయమ్మా. ఆయనకి తప్పులంటే తలనొప్పి."

అర్జీ అంటే నాకు ధైర్యమే. ఆ విద్య నాకు నేర్పింది మా కింది వాటాలో ఉండే హెడ్డు గారు. ముప్పై నాలుగేళ్లు ఆఫీసులో పనిచేసి హెడ్ క్లర్కుగా రిటైరయ్యారు. ఒకప్పుడు ఈ వీధిలో ఎవరికి ఏ కాగితం కావాలన్నా ఆయన వరండాలోనే రాసేవారు. మనం రాసుకెళ్తే ఎర్ర సిరాతో దిద్దేవారు. నాకు కాలేజీ హాస్టలులో సీటు రావడానికి ఆయన రాసిన అర్జీయే కారణమని నాన్న ఇప్పటికీ అంటాడు. ఈ మధ్య అన్నీ ఫోనులో నింపేస్తున్నారు కనుక ఆ వరండాకి ఎవరూ రావడం లేదు. ఆయన కుర్చీ మాత్రం గేటు వైపు తిరిగి అలాగే ఉంది.

గురువారం ఉదయం అర్జీ రాసి అక్కకి చదివి వినిపించాను. "సదరు ఖాతాదారుడు గత నెల రోజులుగా..."

అక్క మిషను తొక్కడం ఆపింది. "మళ్లీ చదువు."

"సదరు ఖాతాదారుడు..."

"ఆ మాట నువ్వెందుకు రాశావే?"

"ఏ మాట?"

"సదరు."

"అర్జీల్లో అలాగే రాస్తారక్కా. పైన చెప్పిన మనిషి అని అర్థం."

"అర్థం నాకక్కర్లేదు. వాడు నెల రోజుల్నుంచీ నన్ను అదే అంటున్నాడు. నేను పుట్టి బుద్ధెరిగి ఆ మాట ఇద్దరి దగ్గరే చూశాను. వాడి దగ్గర, నీ దగ్గర."

"అక్కా, నన్ను అనుమానిస్తున్నావా?"

"నీ మొహం. నీకు అంత ఖాళీ ఎక్కడిది?" అంటూనే నా కళ్లలోకి చూసింది. ఆ ఒక్క క్షణం నేను ఇప్పటికీ మర్చిపోలేదు. తర్వాత మెల్లగా అడిగింది. "నీకు ఆ మాట ఎవరు నేర్పారు?"

నేను ఒంటికాలి మీద లేచాను. ఆయన ఎంతటివారు, మనకి ఎంత చేశారు, అరవై ఐదేళ్ల మనిషి, గులాబీ పువ్వు పెట్టుకుని ఇలాంటి రాతలు రాస్తారా అని అరిచాను. "ఏడో తరగతి చదివి నువ్వు పెద్ద డిటెక్టివ్‌వి!" అని కూడా అన్నాను. అనకూడదు. అక్క కత్తెర తీసుకుని గుడ్డ కత్తిరించుకుంది.

అక్కది తప్పని నిరూపించడానికే ఆ అర్జీ పట్టుకుని కిందికి వెళ్లాను. తప్పులు దిద్దించుకుని, ఆయన ఆశీర్వాదం కూడా పట్టుకొస్తానని.

"రామ్మా డిగ్రీ! ఎన్నాళ్లకి!" హెడ్డు గారు కుర్చీలోంచి లేవబోయారు. "ఏం అర్జీ? బదిలీయా, సెలవా?"

"ఫిర్యాదు సార్. అక్క విషయం."

ఆయన చెయ్యి ఒక్క క్షణం ఆగింది. కాగితం వద్దంటారనుకున్నాను. కానీ మడత విప్పుతుంటే మొదటి వరుసలోనే నా పొరపాటొకటి ఆయన కంటపడింది.

"'ఫిర్యాధు' ఏమిటమ్మా, ద కి ఒత్తెందుకు? డిగ్రీలు ఇచ్చేస్తున్నారు."

ఇంక ఎర్ర పెన్ను ఆగలేదు. విషయం తర్వాత సూచిక లేదన్నారు. 'కావున' ముందు కామా పెట్టారు. ఆయన ముఖం వెలిగిపోతోంది. నాకూ సంతోషమేసింది. చివరి పేజీలో ఒకచోట నాలుగు దిద్దుబాట్లు ఒక్కసారే చేసి, కాగితం నా చేతిలో పెట్టారు.

"ఇప్పుడు తీసుకెళ్లు. ఒక్క తప్పుంటే నన్నడుగు."

అలవాటు కొద్దీ అక్కడే నిలబడి దిద్దుబాట్లు చదువుకున్నాను. ఆ నాలుగు దిద్దుబాట్లున్నది స్కూటరు కామెంటు దగ్గర. అక్క నోటితో చెప్పినదాన్ని బట్టి నేను ఇలా రాశాను: "మంగళవారం హెల్మెట్టు పెట్టుకుని సదరు మహిళను దింపిన వ్యక్తి ఎవరు?" ఆయన 'మంగళవారం' పక్కన 'మధ్యాహ్నం' చేర్చారు. 'పెట్టుకుని' కొట్టేసి 'తీయకుండానే' అని రాశారు. 'మహిళను' కొట్టేసి 'మాస్టరమ్మను' చేశారు. చివర 'ఎవరో ప్రజలు గమనించగలరు' అని పూర్తి చేశారు.

"సార్, ఇదెందుకు మార్చారు?"

"ఏది? ఆ, అదా. నువ్వు తప్పు రాశావమ్మా."

"ఏది ఒప్పో మీకెలా తెలుసు సార్? ఆ కామెంటు కాసేపే ఉంది. అక్క తప్ప ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు."

ఆయన పెన్ను మూత పెట్టారు. తీశారు. మళ్లీ పెట్టారు.

"వాడుక... అలాగే ఉంటుంది."

"ఇది వాడుక కాదు సార్. ఒకరన్న మాటని ఉన్నదున్నట్టు రాయాలని మీరే నేర్పారు."

గేటు వైపు తిరిగారు. తర్వాత మాట్లాడిన గొంతు నాకు తెలిసిన గొంతే. రూలు చెప్పేటప్పటి గొంతు.

"ఊరూ పేరూ లేని కాగితం కాగితమే కాదమ్మా. ఆఫీసు రూలు. ముప్పై నాలుగేళ్లు ఎన్ని ఆకాశరామన్న ఉత్తరాలు బుట్టలో వేశానో. నా మీద వచ్చినవి కూడా వేశాను. చదివి, నవ్వుకుని, వేసేశాను. సంతకం లేనిదాన్ని ఎవరు పట్టించుకుంటారు?"

"అక్క పట్టించుకుంది సార్."

"నేను సంతకం పెట్టలేదు కదా!"

"అందుకే ఏడ్చింది. సంతకం ఉంటే కిందికి దిగొచ్చి తిట్టేది."

"ఆ ఉద్యోగానికి మీ అక్క తనే ఫోనులో అర్జీ నింపుకుంది," అన్నారు ఉన్నట్టుండి. "ఈ గేటులోంచే రోజుకి పదిసార్లు తిరుగుతుంది. బాబాయ్ గారూ, ఇలా ఒక అర్జీ పెట్టాలి, అని ఒక్క మాట అడిగిందా?"

ఈ వీధిలో అడగని ఇళ్లు నలభై ఉన్నాయి. మొగుడు లేకుండా నవ్వే ఇల్లు మాదొక్కటే. ఎవరి మీద కోపం తీర్చుకోవచ్చో ఆయనకి బాగానే తెలిసింది.

"ఆ కాగితం ఇటివ్వు. ఇంకో తప్పు మిగిలింది," అని చెయ్యి చాపారు.

ఇవ్వలేదు. ఆయన అడిగిన కాగితం ఇవ్వకపోవడం నాకు అదే మొదటిసారి.

పైకి వెళ్లి అక్కకి ఆ వాక్యం చదివాను. అక్క కళ్లు మూసుకుని వింది. "అదే. అక్షరం పొల్లుపోలేదు." చూశావా అని కూడా అనలేదు. అంటే బాగుండేది.

"నిన్న నేనన్న మాట..." అన్నాను. ఇంకా గురువారమే అని గుర్తొచ్చి, "ఇందాక అన్న మాట," అని దిద్దుకున్నాను. అక్క నవ్వింది. చాలా రోజుల తర్వాత.

శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి రైటర్ గారి ముందు కూర్చున్నాం. అర్జీ, దిద్దుబాట్లు, జరిగిన కథ అన్నీ చెప్పాం. ఆయన చాలా సంబరపడ్డారు.

"పేరు దొరికిందన్నమాట. ఇప్పుడు చట్టం వర్తిస్తుంది."

"మొన్న కూడా వర్తించింది సార్. 'ఎవరైనా' అని ఉంది."

"మొన్న చట్టానికి వర్తించింది, కంప్యూటరుకి వర్తించలేదు. చెప్పు. పేరు? ... ఆఁ. చిరునామా? ... మీ ఇంటి కిందే! ఎంత దగ్గర! తండ్రి పేరు?"

మళ్లీ అక్కా నేనూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. పదేళ్లు ఆయన వరండాలో కూర్చున్నాను. ఎవరూ ఆయన తండ్రి పేరు అడగలేదు. ఎర్ర చుక్క అలాగే ఉంది. గోడ గడియారం మూడు దాటుతోంది.

"ఫోన్ చెయ్యి," అంది అక్క.

"ఎవరికి?"

"ఆయనకే. గడి ఖాళీగా ఉందని చెప్పు."

"అక్కా, ముద్దాయిని అడుగుతామా?"

"ఆయన ఖాళీ గడి చూసి ఊరుకునే మనిషి కాదే."

రైటర్ గారు అభ్యంతరం చెప్పలేదు. నేను ఫోను చేశాను. "సార్... నేను. స్టేషన్లో ఉన్నాను. తండ్రి పేరు దగ్గర ఆగిపోయింది సార్. ఆ గడి నింపకపోతే ముందుకి కదలడం లేదు."

పెట్టేస్తారనుకున్నాను.

"ఖాళీగా వదలకు," అన్నారు చివరికి. "రాసుకో." తండ్రి పేరు అక్షరం అక్షరం చెప్పారు. "మూడో అక్షరానికి ఒత్తుంది. నా సర్వీసు పుస్తకంలో కూడా తప్పే రాశారు, దిద్దించడానికి ఆరేళ్లు పట్టింది. జాగ్రత్త." మళ్లీ తనే, "సంతకం కావాలంటారు. వస్తున్నాను," అన్నారు.

అరగంటలో వచ్చారు. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను. అక్క వైపు చూడలేకపోయారు. అక్క మాత్రం ఆయన్ని చూస్తూనే ఉంది. రాసింది తనేనని రాతపూర్వకంగా చెప్పి, కింద సంతకం పెట్టడానికి పెన్ను తీశారు.

"ఎర్రది పనికిరాదండీ. నీలమే ఉండాలి," అన్నారు రైటర్ గారు.

హెడ్డు గారు జేబు తడుముకున్నారు. ఎర్రదొక్కటే ఉంది. నేను నా పెన్ను ఇచ్చాను. సంతకం చేసి, మూత పెట్టి, మొన నా వైపు కాకుండా తన వైపు తిప్పుకుని తిరిగిచ్చారు. పెన్ను ఎలా ఇవ్వాలో కూడా నాకు ఆయనే నేర్పారు.

కింద బొత్తాం వెలిగింది.

ఐదుకి తొమ్మిది నిమిషాలుండగా రసీదు మేడం బల్ల మీద పెట్టాం. మేడం ముద్ర ఒక్కటీ చూసి ఫైలులో పెట్టుకుంది. లోపల ఏముందో చదవలేదు. "సోమవారం నుంచి రండమ్మా" అంది. అక్క మంచినీళ్లు తనే అడిగి తాగింది.

రెండు నెలలయింది. కేసు ఎంతవరకొచ్చిందో కంప్యూటరులో చూడొచ్చు. నేను వారం వారం చూస్తాను. "ముద్దాయి: గుర్తించవలసి ఉన్నది" అని ఉంటుంది. రైటర్ గారిని అడిగితే, ఖాతా నడిపే కంపెనీకి రాశామని, ఆ ఖాతా ఆయనదేనని వాళ్లు చెప్పేదాకా ఆయన ఆయనేనని మేం అనుకోకూడదని చెప్పారు. "మరి సంతకం?" అన్నాను. "సంతకం ఎవరైనా పెడతారమ్మా," అన్నారు.

ఆ ఖాతా మాత్రం మూతపడింది. వరండాలో కుర్చీ గోడ వైపు తిరిగింది. పోయిన ఆదివారం మా తలుపు కింద ఒక కాగితం కనపడింది. దళసరి తెల్లకాగితం, ఎడమవైపు అంచు వదిలి నీలం సిరాతో రాశారు. విషయం: క్షమాపణ కోరుట గురించి. మొదటి వాక్యంలో 'సదరు మాస్టరమ్మకు' అన్నచోట సదరు మాటని ఎర్ర సిరాతో కొట్టేసి, పైన అక్క పేరు రాశారు. కింద సంతకం, తేదీ, తండ్రి పేరుతో సహా ఉన్నాయి.

అక్క రెండుసార్లు చదివింది. వేళ్ల మధ్య పెట్టి నలిపి చూసింది.

"ఏమంటావక్కా?"

"కాగితం గట్టిగా ఉంది," అంది. "కాలరు నమూనా కత్తిరించుకోడానికి బాగా పనికొస్తుంది."

సుద్దముక్క తీసుకుని దాని మీద కాలరు గీత గీసింది. కత్తెర మాత్రం సంతకం దాకా రాకుండా పైనే తిప్పింది. కిటికీ తెర తీసే ఉంది. సూదిలో దారం మొదటిసారికే ఎక్కింది.